వైకల్యం ఉన్న బిడ్డకూ బడి ఉంది

(పిల్లల వార్డు వరండాలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

వెనుక నిలబడినవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి. చాపలు ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, నాకేమీ ఇబ్బంది లేదు.

ఈరోజు వ్యాయామాల గురించి చెప్పను. పిల్లల చదువు గురించి చెబుతాను. ఫిజియోథెరపీ చేసేవాడికి చదువుతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వల్ల ఒక బిడ్డకు జరిగిన నష్టం గురించి ముందు చెబుతాను.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక పాపను ఐదేళ్ళ వయసులో మన దగ్గరికి తీసుకొచ్చారు. పుట్టిన వెంటనే ఏడవలేదు. పిక్క కండరాలు బిగుసుకుపోయి మునివేళ్ళ మీద నిలబడేది. మాట ముద్దముద్దగా వచ్చేది. తండ్రి చెన్నైలో తాపీ పనికి వెళ్ళాడు. తల్లి జీడిపిక్కల కార్ఖానాలో కూలి మానుకుని, రెండు బస్సులు మారి నెలకోసారి తీసుకొచ్చేది. నాలుగేళ్ళు చూశాను. మోకాలు ఎంత చాపగలుగుతోంది, మడమ నేలకు ఆనుతోందా, కాలిపర్ సరిపోతోందా అని ప్రతిసారీ కాగితం మీద రాసుకున్నాను. 2019లో ఒకరోజు ఆ పాప నా బల్ల మీదున్న క్యాలెండర్ చూసి వేలితో అంకెలు వరుసగా చూపిస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. దగ్గరికి వెళ్ళి వింటే ఒకటి నుంచి ముప్పై వరకు లెక్కపెడుతోంది. తమ్ముడు ఇంట్లో చదువుతుంటే విని నేర్చుకుందట. అప్పుడు అడిగాను, "ఏ తరగతమ్మా?" అని. తల్లి నన్ను వింతగా చూసింది. "బడేటి బాబూ, ఈ గుంటని ఎవులు సేర్చుకుంటారు?" అంది.

అప్పటికి ఆ పాపకు తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళలో సుమారు నలభైసార్లు నా చేతుల మీదుగా వెళ్ళిన బిడ్డ బడికి వెళ్ళడం లేదన్న సంగతి నాకు తెలియదు. నేను అడగలేదు. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి బిడ్డ కాగితం మీద, మోకాలి కొలత కంటే ముందు, "బడి" అని ఒక గీత గీసి పెట్టుకుంటున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం.

మొట్టమొదట మీరు తెలుసుకోవలసింది, మీ బిడ్డను బడిలో చేర్చుకోవడం ఎవరో దయతలచి చేసే పని కాదు. అది చట్టం. 1995లో వచ్చిన వికలాంగుల చట్టమే పద్దెనిమిదేళ్ళ వరకు ఉచిత చదువు ఇవ్వాలని చెప్పింది. దాని స్థానంలో 2016లో కొత్త చట్టం వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు ఇరవై ఒకటి ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, నేర్చుకోవడంలో ఇబ్బంది, మాట ఇబ్బంది, మరుగుజ్జుతనం, కుష్టు నయమైనవారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ రక్తజబ్బులు కూడా చేరాయి. సీతంపేట, పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు ఈ చివరి మాట జాగ్రత్తగా వినండి. సికిల్ సెల్ ఉన్న పిల్లవాడు ఒళ్ళునొప్పులతో నెలకు వారం రోజులు బడి మానేస్తే మాస్టారు బద్ధకం అనుకుంటారు. అది బద్ధకం కాదు, చట్టంలో పేరున్న వైకల్యం. ఆ మాట మాస్టారుకు చెప్పవలసింది మనమే.

నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఇంటి దగ్గరి బడికి పంపాలా, ప్రత్యేక పాఠశాలకు పంపాలా అన్నది మీ ఇష్టం. "వీళ్ళకి వేరే బడి ఉంది, అక్కడికి పొండి" అని చెప్పే అధికారం ఊరి బడికి లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేదని గానీ, చేరే గడువు దాటిపోయిందని గానీ బిడ్డను వెనక్కి పంపకూడదు. తొమ్మిదేళ్ళ బిడ్డను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠాలు వేరుగా చెప్పాలి. మంచం మీద నుంచి లేవలేని, ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పాలని 2012లో ఆ చట్టాన్ని సవరించారు.

వైకల్యం సర్టిఫికెట్టు లేకపోతే బడిలో చేర్చుకోరని చాలామంది అనుకుంటున్నారు. అది తప్పు. చేరడానికి సర్టిఫికెట్టు అక్కరలేదు. డబ్బు సాయానికి, పరికరాలకు, పరీక్షల సడలింపులకు కావాలి. కాబట్టి ముందు బిడ్డను బడిలో వెయ్యండి, కాగితాలు తరువాత చేయించండి. కాగితాల కోసం ఏడాది ఆగితే బిడ్డకు ఒక ఏడాది పోయినట్టే.

ఇప్పుడు సర్టిఫికెట్టు. మన దగ్గర జనం ఎక్కువగా తిరిగేది, అలిసిపోయేది ఇక్కడే. అందుకని నిదానంగా చెబుతాను.

ఇదివరకు మన రాష్ట్రంలో సదరం శిబిరాలలో సర్టిఫికెట్లు ఇచ్చేవారు. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా యు.డి.ఐ.డి. అనే పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మన వాళ్ళు ఇప్పటికీ సదరం అనే అంటారు, అలా అడిగినా అర్థమవుతుంది. మీ గ్రామ సచివాలయానికి గానీ మీసేవకు గానీ వెళ్ళి స్లాటు అడగండి. బిడ్డ ఆధార్, ఫొటో, చిరునామా కాగితం, పని చేసే ఫోన్ నంబరు కావాలి. ఆ నంబరు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న తండ్రిది ఇవ్వకండి. మెసేజి అక్కడికి పోతుంది, స్లాటు తేదీ ఇక్కడ దాటిపోతుంది. ఇలా స్లాటు పోగొట్టుకున్న కుటుంబాలను చాలా చూశాను. ఇంట్లో ఉండేవాళ్ళ నంబరు ఇవ్వండి.

చెప్పిన తేదీన ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు చూస్తారు. వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి. మన దగ్గర రాసిన కాగితాలు, స్కానింగులు, వినికిడి పరీక్ష, మూర్ఛ మందుల చీటీ, ఏదీ వదలొద్దు. బిడ్డకు ఆరోజు ఫిట్సు మందు ఆపొద్దు. "మందెయ్యకుండా తెస్తే ఎక్కువ శాతం ఇస్తారు" అని ఎవరో చెప్పారని ఒక తల్లి నిజంగానే మందు ఆపింది. బిడ్డకు వరండాలోనే ఫిట్సు వచ్చాయి. మూర్ఛ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలు చేతిలో పెట్టడం వల్ల లాభం లేదు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తేవాలి. ఇది బడి మాస్టారుకు కూడా చెప్పి ఉంచండి. బడిలో ఫిట్సు వస్తే ఏం చెయ్యాలో తెలియక భయపడే మాస్టార్లు ఆ పిల్లలను ఇంటికి పంపేస్తుంటారు. ఏం చెయ్యాలో చెబితే భయం సగం పోతుంది.

శాతం పెంచి ఇప్పిస్తామని డబ్బడిగే దళారులు ఉంటారు. వాళ్ళ మాట వినకండి. 2025లో మన రాష్ట్రంలో వికలాంగ పింఛనుదారులను తిరిగి పరీక్షించారు. అబద్ధపు కాగితం పట్టుకున్నవాడి వల్ల నిజంగా అవసరమున్నవాళ్ళు కూడా మళ్ళీ వరుసలో నిలబడవలసి వచ్చింది. శాతం తక్కువ వేశారని మీకు నిజంగా అనిపిస్తే అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది.

చిన్న పిల్లలకు తరచు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, ఎందుకంటే బిడ్డ ఎదుగుతుంది, పరిస్థితి మారుతుంది. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఇంటికి వెళ్ళగానే ఆ తేదీ చూసి గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. గడువు అయిపోయాక తెలుసుకుంటే స్కాలర్‌షిప్పు ఆ ఏడాదికి పోతుంది.

ఇంకొక సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం, సాలూరు, పాలకొండ, సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. రాజాం విజయనగరం జిల్లాకు వచ్చింది. పాత అలవాటు కొద్దీ శ్రీకాకుళం వెళ్ళి, అక్కడి నుంచి తిప్పి పంపితే బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి దండగ. బయలుదేరే ముందు మీ మండలం ఏ జిల్లాలో ఉందో చూసుకోండి.

సర్టిఫికెట్టు వచ్చింది, బడిలో పేరు ఉంది. తరువాత ఏమిటి?

మీ మండలంలో "భవిత" కేంద్రం ఎక్కడుందో అడగండి. మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో చెబుతారు. ఇది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కేంద్రం. సాధారణంగా ఒక బడి ఆవరణలోనే ఉంటుంది. కొన్నిచోట్ల మంచి భవనం ఉంది, కొన్నిచోట్ల ఒక గది మాత్రమే. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు టీచర్లు ఉంటారు. వాళ్ళ పని రెండు రకాలు. బడికి రాగలిగిన పిల్లలకు అక్షరాలు, మాట, సొంత పనులు చేసుకోవడం నేర్పి మామూలు తరగతికి సిద్ధం చేస్తారు. రాలేని పిల్లల ఇంటికి వెళ్ళి అక్కడే చెబుతారు. ఫిజియోథెరపీ శిబిరాలు కూడా అక్కడ జరుగుతాయి. నెలకోసారి మన దగ్గరికి వచ్చే బదులు, వారానికోసారి మీ మండలంలోనే చేయించుకోవడం మేలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోతారేమో అని నాకు బాధ లేదు. వారానికోసారి చేసిన వ్యాయామం ముందు నెలకోసారి చేసింది ఎందుకూ పనికిరాదు.

ఇదంతా సమగ్ర శిక్ష కింద జరుగుతుంది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్‌నే, మరో రెండు పథకాలతో కలిపి 2018లో ఈ పేరు పెట్టారు. ఒక్కొక్క ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల వరకు ఈ పథకంలో లెక్క ఉంది. అది మీ చేతికి వచ్చే డబ్బు కాదు, పరికరాలకు, పుస్తకాలకు, శిబిరాలకు, రాకపోకలకు కలిపి వేసిన లెక్క. ఆడపిల్లలకు మాత్రం నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు విడిగా ఉంది. బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషికి, ప్రయాణానికి, చూపు లేని పిల్లలకు చదివి వినిపించేవారికి భత్యాలు ఉన్నాయి. ఇవి పెద్ద మొత్తాలు కావు, నెలనెలా ఠంచనుగా రాకపోవచ్చు. అయినా అడగండి. బిడ్డ పేరు మీద బ్యాంకు ఖాతా, ఆ ఖాతాకు ఆధార్ ఉండాలి. అడగనివాళ్ళ పేరు జాబితాలోకి ఎక్కదు.

వీల్‌ఛైరు, కాలిపర్, వినికిడి యంత్రం, సి.పి. కుర్చీ లాంటివి అడిప్ అనే కేంద్ర పథకంలో, కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ తయారుచేసినవి శిబిరాలలో ఇస్తారు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన సామగ్రి పెట్టెలు కూడా ఉన్నాయి. వాటిని సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ, అంటే ఇదివరకటి ఎన్.ఐ.ఎం.హెచ్., రూపొందించింది. ఒక్క మాట. శిబిరంలో ఇచ్చిన కుర్చీ బిడ్డ కొలతకు సరిపోయిందో లేదో చూపించకుండా వాడకండి, ఇక్కడికి తీసుకురండి. నడుము నిలవని బిడ్డకు కాళ్ళు నేలకు ఆనేలా, వీపు ఆనేలా కూర్చోబెడితేనే చేతులు ఖాళీ అవుతాయి. చేతులు ఖాళీ అయితేనే పలక పట్టుకుంటుంది. నేను చేసే పనికీ చదువుకూ ఉన్న సంబంధం ఇదేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

చెవుడు ఉన్న పిల్లల గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ కాలమే ముఖ్యం. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలవ్వాలి. "వాళ్ళ నాన్నకూ మాట ఆలస్యంగా వచ్చింది" అని మూడేళ్ళు ఆగకండి. కాక్లియర్ ఇంప్లాంటు ఆపరేషన్ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలిచే ఆరోగ్యశ్రీలో ఉంది. కానీ ఆలస్యమైన కొద్దీ దాని లాభం తగ్గుతుంది. ఆపరేషన్ తరువాత మాట శిక్షణ ఇప్పించకపోతే ఆ యంత్రం చెవిలో ఉన్నా మాట రాదు. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లలను పరీక్షించే ఆర్.బి.ఎస్.కె. బృందాలు 2013 నుంచి ఉన్నాయి. వాళ్ళు వచ్చిన రోజున బిడ్డను ఇంట్లో దాచిపెట్టకండి. నవ్వకండి, దాచిపెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. పెద్దమ్మాయి పెళ్ళి సంబంధం చెడిపోతుందని చిన్నబిడ్డను లోపల గదిలో ఉంచిన ఇల్లు కూడా తెలుసు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. "చదివించి ఏం చేస్తాం? పింఛను వస్తోంది కదా." 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 అయింది. పూర్తిగా మంచానికో వీల్‌ఛైరుకో పరిమితమైనవారికి 15,000. 2014లో వెయ్యి, పదిహేను వందలు ఉన్న చోట ఇది పెద్ద మొత్తమే, నేను కాదనను. బడికి వెళితే పింఛను పోతుందని ఎవరో పుకారు పుట్టించారు. పోదు. కానీ ఆ పింఛను బిడ్డదని గుర్తుంచుకోండి. అందులోంచి ఆటో ఛార్జీకి, పుస్తకాలకు, అవసరమైతే బడిలో తోడుండే మనిషికి కొంత పెట్టండి. ఇంటి అప్పు వడ్డీకి మొత్తం పోవడం నాకు తెలుసు. అది ఎందుకు పోతుందో కూడా తెలుసు కాబట్టి మిమ్మల్ని కోప్పడను.

చదివి ఏమవుతారన్న దానికి ఒక్కరి గురించి చెబుతాను. కృష్ణా జిల్లా మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ పేరు మీలో కొందరు విని ఉంటారు, 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. వ్యవసాయం చేసుకునే కుటుంబం. హైదరాబాద్‌లో అంధుల పాఠశాలలో పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే చూపు లేనివాళ్ళకు వీలు లేదన్నారు. కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకుని చదివాడు. తరువాత అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టి, వికలాంగులకు అందులో ఉద్యోగాలు ఇచ్చాడు. మీ బిడ్డ అమెరికా వెళ్ళాలని నేను అనడం లేదు. పదో తరగతిలో అంత మార్కులు వచ్చిన పిల్లవాడికే "వీలు లేదు" అన్నారు చూడండి, అందుకు చెబుతున్నాను. ఆ మాట మీకూ ఎదురవుతుంది.

మేధో వైకల్యం ఉన్న బిడ్డ విషయం వేరు. అతనికి పదో తరగతి ముఖ్యం కాకపోవచ్చు. తన పేరు చెప్పడం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్ళాలని చెప్పడం, పది రూపాయల నోటు గుర్తుపట్టడం, ఇల్లు తప్పిపోతే ఫోన్ నంబరు చెప్పడం, ఇవి అతని చదువు. వీటికీ గురువు కావాలి. పిల్లలతో కలిసి కూర్చున్నచోట ఇవి తొందరగా వస్తాయి. ఇంట్లో అందరం అతని పని మనమే చేసేస్తాం, అందుకని రావు.

ఆడపిల్లల సంగతి మాట్లాడకుండా వెళితే తప్పు. వైకల్యం ఉన్న ఆడపిల్లను పదకొండు, పన్నెండేళ్ళు రాగానే మాన్పించేస్తున్నారు. కారణం చాలాసార్లు మరుగుదొడ్డి. తోడు లేక, మెట్లు ఎక్కలేక, పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో మన వార్డుకు వచ్చిన పిల్లలున్నారు. ర్యాంపు, చేతితో పట్టుకునే కడ్డీ ఉన్న మరుగుదొడ్డి అడగడం మీ హక్కు. అది కట్టేవరకు తోటి పిల్లల్లో ఒకరిని, లేదా బడిలోని ఆయమ్మను మాట్లాడి పెట్టుకోండి. నీళ్ళు మాత్రం మాన్పించకండి.

బడిలో చేర్చుకోము అంటే ఏం చెయ్యాలి? మొదట చెప్పిన పాప విషయంలో ఇదే జరిగింది. తల్లి బడికి వెళితే, "ఇక్కడ చూసుకునే మనిషి లేదమ్మా, పడిపోతే ఎవరిది బాధ్యత" అని నోటిమాటగా పంపేశారు. నోటిమాటకు నోటిమాటతో జవాబు చెప్పకూడదు. కాగితం మీద రాయండి. బిడ్డ పేరు, వయసు, వైకల్యం, ఫలానా తేదీన చేర్చమని అడిగాము, చేర్చుకోలేదు అని నాలుగు వాక్యాలు చాలు. ఒక ప్రతి హెడ్మాస్టరుకు, ఒకటి మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద సంతకం, తేదీ వేయించుకోండి. పది రోజులలో కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళండి. ఆపైన రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ ఉన్నారు. మా అనుభవంలో చాలావరకు రెండో కాగితం దగ్గరే పని జరుగుతుంది. ఆ పాప విషయంలోనూ అంతే. మాస్టారు చెడ్డవాడని నేను అనను. నలభై మంది పిల్లలతో ఒక్కడు ఉన్నాడు, అతనికీ భయం. ప్రత్యేక పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం 2025లో 2,260 ప్రత్యేక టీచరు పోస్టులు మంజూరు చేసింది. మీ బడికి ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో కూడా ఆ కాగితంలోనే అడగండి.

ప్రైవేటు బడికి పంపాలనుకునేవారికి ఒక దారి ఉంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులలో ఒకటో తరగతిలో నాలుగోవంతు సీట్లు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఇది జరుగుతోంది. అందులో ఐదు శాతం అనాథలకు, హెచ్.ఐ.వి. ప్రభావిత పిల్లలకు, వైకల్యం ఉన్న పిల్లలకు కలిపి ఉంచారు. దరఖాస్తు ఏడాదికి ఒకసారే, ప్రకటన పేపరులో వస్తుంది.

తొమ్మిది, పది తరగతులలో కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు, ఇంటర్ నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఇస్తుంది. నలభై శాతం వైకల్యం, ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. దరఖాస్తు ఇంటర్నెట్‌లో, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. బడిలోని వాళ్ళు దాన్ని ధ్రువీకరించాలి. అక్కడే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. నింపి వదిలేయకుండా, "సార్, వెరిఫై అయిందా" అని వారం వారం అడగండి. పదో తరగతి తరువాత పై చదువులలో ప్రభుత్వ కళాశాలల్లో ఐదు శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలలో నాలుగు శాతం ఉన్నాయి.

పరీక్షలలో రాసిపెట్టే సహాయకుణ్ణి తీసుకోవచ్చు. గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెవుడు వంటి వైకల్యాలున్నవారికి రెండో, మూడో భాష మినహాయింపు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇవన్నీ పరీక్ష రోజున అడిగితే రావు. పదో తరగతి ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తుతో పాటు సర్టిఫికెట్టు జతచెయ్యాలి. అర్ధ సంవత్సర పరీక్షల నుంచే సహాయకునితో అలవాటు చెయ్యండి. తాను చెప్పడం, ఎదుటివాడు రాయడం ఒక విద్య, ఒక్కరోజులో రాదు. మామూలు బడిలో కుదరనివారికి ఓపెన్ స్కూలు ఉంది, అక్కడ సబ్జెక్టులు కొన్ని కొన్నిగా రాసుకుంటూ పోవచ్చు.

పద్దెనిమిదేళ్ళు నిండబోయే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు సమావేశం అయ్యాక నన్ను విడిగా కలవండి. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. మీ తరువాత బిడ్డను ఎవరు చూస్తారన్న దానికి అది చట్టపరమైన కాగితం. అదే ట్రస్టు కింద లక్ష రూపాయల వరకు నిరామయ ఆరోగ్య బీమా ఉంది. అది వయసుతో పని లేకుండా ఇప్పుడే తీసుకోవచ్చు.

ఆ పాప ఏమైందని ఇందాక ఒక మామ్మ అడిగారు. మొదట రిసోర్సు టీచరమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. ఆ వెంటనే 2020లో కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. ఆ టీచరమ్మ ఫోన్‌లో పాఠం చెబితే, తల్లి ఫోన్ పట్టుకుని కూర్చునేది. తల్లి కూడా అప్పుడే సంతకం నేర్చుకుంది. బడులు తెరిచాక వయసుకు తగ్గ తరగతిలో వేశారు. ఇప్పటికీ మునివేళ్ళ మీదే నడుస్తుంది. కాలికి ఇంకా మంచి చేయగలిగేవాణ్ణి, మధ్యలో ఏడాదిన్నర రాలేదు. నిరుడు తొమ్మిదో తరగతిలో స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టారు. ఈ ఏడు పదో తరగతి. చెయ్యి వణుకుతుంది కాబట్టి రాసిపెట్టే మనిషి కావాలి, కింది తరగతి చదివే పిల్ల అయితే ఒప్పుకుంటారు. పక్కింట్లో తొమ్మిది చదివే అమ్మాయి ఒకతె ఉంది. రోజూ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని సాధన చేస్తున్నారు. మొదట్లో ఈమె మాట ఆమెకు అర్థమయ్యేది కాదట. ఇప్పుడు తల్లి కంటే ఆమెకే బాగా అర్థమవుతోందట.

వచ్చే మంగళవారం పదింటి నుంచి ఓ.పి. పక్కనున్న గదిలో కూర్చుంటాను. బిడ్డ ఆధార్, రేషను కార్డు, ఉన్న సర్టిఫికెట్లు, రెండు ఫొటోలు తీసుకురండి. బడి వాళ్ళకు రాయవలసిన కాగితం రాయడం రానివాళ్ళకు మన సిస్టరమ్మలు రాసిపెడతారు. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్ళకు మధ్యాహ్నం బస్సు ఉంది కాబట్టి వాళ్ళను ముందు చూస్తాం.